పొట్లం మీది కప్పు, వంటింట్లో తూకం: తిరుపతి ప్రాజెక్టు డైరీ

తిరుపతిలో బాలాజీ కాలనీ, ఎం.ఆర్.పల్లి, కరకంబాడి రోడ్డు వైపు అద్దెగదుల్లో వంటసామాను దాదాపు ఒకటే: ఒక ఇండక్షన్ పొయ్యి, మూడు లీటర్ల కుక్కరు, కెటిలు, ఒక పెనం, చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్. సూపర్‌మార్కెట్‌లో దొరికే ఇడ్లీమిక్సు, పులిహోర పేస్టు, తడిపిండి, ఫ్రోజెన్ పరోటా, వేడిచేసుకుని తినే కూరపొట్లాలు ఈ సామానుతో ఎట్లా వస్తాయో చూసి, ఒక్కోదానికి గ్రాముల్లో తూకం రాసిపెట్టడం ఈ ప్రాజెక్టు పని. బ్రాండ్లకు మార్కులు వేయడం లేదు. పొట్లం బాగాలేదని పారేసేవాటిలో చాలావరకు నీళ్ళు ఎక్కువయో, వేడి చాలకో చెడినవే. అందుకే ఈ రాతంతా నీళ్ళ గురించి, సెగ గురించి, వేచి ఉండాల్సిన నిమిషాల గురించి.

ఫిబ్రవరి మొదటి వారం: కప్పు లెక్క

పొట్లం వెనక ‘ఒక కప్పు మిక్సు’ అని ఉంటుంది. ఆ కప్పు ఎంతో చాలా పొట్లాల మీద ఉండదు. కొలతల సెట్‌లో కప్పు 240 మి.లీ., కాఫీ కప్పు 150 మి.లీ. చుట్టుపక్కల, ఇంట్లో పెద్ద స్టీలు గ్లాసు 250 పైనే. పైగా రవ్వమిక్సులో కప్పును ముంచి తీస్తే ఒక బరువు, చెంచాతో వదులుగా నింపితే ఇంకో బరువు. ఒకే కప్పుకు 20 నుంచి 30 గ్రాముల దాకా తేడా వస్తుంది. ఇడ్లీ రాయిలా రావడానికి ఆ 30 గ్రాములు చాలు.

వాడుతున్న పనిముట్లు: గ్రాము దాకా చూపే డిజిటల్ తూకం, గుచ్చి చూసే థర్మామీటరు, గీతలున్న 500 మి.లీ. జగ్గు. ప్రతి రకాన్నీ మొదట పొట్లం మీద రాసినట్టే వండుతున్నాం. తర్వాత ఒకసారికి ఒక్కటే మార్పు. నీళ్ళూ సెగా ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఫిబ్రవరి: వండకముందే చదవాల్సినవి

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు వస్తుంది. ‘రాగి సేమియా’ అని ముందువైపు పెద్దక్షరాలున్నా, వెనక మొదటి పేరు గోధుమపిండి అయితే అది గోధుమ సేమియానే. రాగి ఎంత శాతమో అక్కడే పక్కన ఉంటుంది, చూసుకోవచ్చు. మన జిల్లాలో రాగిపిండి ఏ మిల్లులోనైనా దొరుకుతుంది కాబట్టి పది శాతం రాగికి ఎక్కువ ధర పెట్టాల్సిన పని లేదు.

సోడియంను 2.5తో గుణిస్తే ఉప్పు. లేబుళ్ళ మీద శాతాలు లెక్కవేసేది రోజుకు 2,000 మి.గ్రా. సోడియం మీద, అంటే 5 గ్రా. ఉప్పు. 100 గ్రాములకు 1,000 మి.గ్రా. సోడియం ఉన్న నూడుల్స్ 70 గ్రా. పొట్లం తింటే 700 మి.గ్రా., అంటే 1.75 గ్రా. ఉప్పు ఆ ఒక్క పూటకే. ‘ఒక సర్వింగు’ అని రాసిన బరువును కూడా తూకంలో పెట్టి చూడాలి. 30 గ్రా. మిక్సుతో ఎవరి కడుపూ నిండదు.

పదార్థాల జాబితాలో, కలిపిన రసాయనాలను సూచించే ఐఎన్ఎస్ అంకెల్లో తరచూ కనిపించేవి కొన్నే. 500(ii) వంటసోడా, 330 నిమ్మ ఉప్పు, 296 మాలిక్ ఆమ్లం (ఈ రెండూ పులుపునిచ్చేవి), 211 చెడకుండా నిలిపే సోడియం బెంజోయేట్, 627, 631 రుచిపెంచేవి. ఇవి తెలిస్తే పొట్లం లోపల ఏం జరుగుతుందో సగం అర్థమవుతుంది. ఇడ్లీమిక్సులో 500(ii) ఒక్కటే ఉండి పులుపు ఏదీ లేకపోతే, ఆ పులుపు పెరుగు నుంచి రావాలన్న మాట.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరుకు 14 అంకెలుండాలి. చిన్న దుకాణాల్లో కవరు సీలు చేసి అమ్మే మిక్సులకు ముందు ఇదే చూడండి.

ఫిబ్రవరి చివర: రవ్వ ఇడ్లీమిక్సు

రెండో ప్రపంచయుద్ధం నాటి బియ్యం కొరతలో రవ్వ ఇడ్లీని తామే తయారుచేశామని బెంగళూరు ఎం.టి.ఆర్. హోటలు వాళ్ళు చెబుతారు. మినప్పప్పు రుబ్బి పులియబెట్టే పని లేకుండా ఇడ్లీ పొంగాలంటే గ్యాసు ఇంకెక్కడి నుంచో రావాలి. ఇక్కడ అది సోడా, పెరుగులోని పులుపు కలిసినప్పుడు వస్తుంది. ఈ వంటలో తప్పులన్నీ ఆ గ్యాసు చుట్టూనే.

మాకు నిలకడగా వచ్చిన తూకం: మిక్సు 200 గ్రా., ఒకరోజు పులిసిన పెరుగు 260 గ్రా., నీళ్ళు 80 మి.లీ. కలిపిన వెంటనే పల్చగా అనిపిస్తుంది. కంగారుపడి మిక్సు ఇంకా వేయకూడదు, ఐదు నిమిషాల్లో రవ్వ తాగేస్తుంది. ఆ ఐదు నిమిషాల్లోనే ఇడ్లీపాత్రలో నీళ్ళు మరగాలి. ఆవిరి బుసబుసా వచ్చాకే రేకులు పెట్టి, మూత వేసి 11 నిమిషాలు. కుక్కరు వాడితే వెయిట్ తీసేయాలి. మధ్య ఇడ్లీలో థర్మామీటరు గుచ్చితే 95 డిగ్రీలు దాటాలి. దించాక మూడు నిమిషాలు ఆగి తీస్తే రేకుకు అంటదు.

చెడే తీరులు:

పిండి కలిపి ఇరవై నిమిషాలు వదిలేస్తే బుడగలన్నీ పైకొచ్చి పగిలిపోతాయి. ఇడ్లీ పల్చగా, బిళ్ళలా వస్తుంది. గరిటెతో గట్టిగా గిలకొట్టినా ఇదే ఫలితం. రెండు వాయిలు వేయాలంటే మిక్సు రెండుసార్లు విడిగా కలపాలి.

పెరుగు తియ్యగా ఉంటే సోడా మిగిలిపోతుంది. పసుపుపచ్చ మచ్చలు, సబ్బు వాసన దాని గుర్తులు. అనుమానం ఉంటే చెంచాడు పిండిలో చిటికెడు పసుపు వేసి చూడండి. ఎర్రబడితే సోడా ఎక్కువైనట్టే. 200 గ్రా. మిక్సుకు ఒక టీస్పూను నిమ్మరసం కలిపి వెంటనే రేకుల్లో పోయాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు నేరుగా వాడితే రవ్వ నానడం ఆలస్యమవుతుంది, నడిమధ్య పలుకుగా ఉంటుంది. పెరుగును అరగంట ముందు బయట పెట్టడం చాలు.

ఇదే మిక్సు ఇంట్లో చేసుకోవాలంటే: బొంబాయి రవ్వ 500 గ్రా. సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు, రంగు మారకుండా వేయించి చల్లార్చాలి. ఉప్పు 9 గ్రా., తిరగవాత పెట్టిన ఆవాలు, శెనగపప్పు, ఎండిన కరివేపాకు కలపాలి. సోడా మాత్రం డబ్బాలో కలపకూడదు. 100 గ్రా. రవ్వకు పావు టీస్పూను లెక్కన వండేటప్పుడే వేయాలి. అది దాదాపు 1.2 గ్రాములు, గ్రాము తూకం మీద సరిగ్గా రాదు కాబట్టి చెంచానే నయం. రవ్వ ఇడ్లీకి మిక్సు కొనడం కంటే ఇదే మా సిఫారసు, ఎందుకంటే పొట్లంలో మీరు డబ్బు పెట్టేది ముప్పావు వంతు రవ్వకే.

మార్చి: తడిపిండి ప్యాకెట్

కిలో ప్యాకెట్‌లో ఉన్నది సజీవమైన పిండి. దాన్ని పులియబెట్టే లూకనాస్టాక్ లాంటి బ్యాక్టీరియా ఫ్రిజ్‌లో నెమ్మదిస్తుందే తప్ప పని ఆపదు. ఎండాకాలం తిరుపతిలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే రోజుల్లో, స్కూటర్ డిక్కీలో అరగంట ఉంచినా ప్యాకెట్ ఉబ్బడం మొదలవుతుంది. అన్నీ కొన్నాక చివరగా తడిపిండి తీసుకుని, ఐస్‌ప్యాక్ ఉన్న సంచీలో వేసుకోవాలి. షాపులో ఫ్రిజ్ తలుపు దగ్గరి ప్యాకెట్ కాకుండా లోపలిది తీయండి. షాపులోనే ఉబ్బి ఉంటే అది అక్కడే పులిసిపోతోంది.

పదార్థాల్లో ఉప్పు ఉందో లేదో చూడాలి. లేకపోతే కిలోకు 10 గ్రా. అయితే ఒకేసారి మొత్తానికి కలపకుండా ఆ పూటకు తీసుకున్నంతకే కలపడం మంచిది. నీళ్ళు కూడా అంతే.

రోజుల లెక్క ఇట్లా కుదిరింది: తెచ్చిన రోజు, మర్నాడు ఇడ్లీ. రెండు మూడు రోజులకు దోశ. ఆ తర్వాత పులుపెక్కిన పిండికి ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి గుంతపొంగనాలు. పొంగనాలకు 300 గ్రా. పిండిలో 30 గ్రా. బొంబాయి రవ్వ వేసి పది నిమిషాలు ఆగితే పల్చబడ్డ పిండి మళ్ళీ చిక్కబడుతుంది. శెనక్కాయల ఊరిబిండితో (పచ్చడితో) ఇది బాగా తినబుద్ధవుతుంది. గులాబీ, నల్ల మచ్చలు కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా వేడిచేసి తిందామనుకోకండి, పారేయాలి.

ఇండక్షన్ మీద దోశ విడిగా ఒక సమస్య. పొయ్యి లోపలి కాయిల్ పెనం కంటే చిన్నది. 28 సెం.మీ. పెనాన్ని 1600 వాట్ల మీద పెడితే నడుమ మాడుతుంది, అంచు తెల్లగా మిగులుతుంది. 800 వాట్ల మీద ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, నీళ్ళు చిలకరించి తుడిచి, 250 గ్రా. పిండికి 45 మి.లీ. నీళ్ళు కలిపి వేస్తే అంచు దాకా ఒకే రంగు వచ్చింది. అడుగు చదునుగా లేని పాత ఇనుప పెనం ఇక్కడ పనికిరాదు. మధ్యలో లేచి ఉంటే కాయిల్‌కు అందదు.

మార్చి: సేమియా, నూడుల్స్

త్వరగా ముగిసిన విభాగం. వేయించిన సేమియా 100 గ్రాములకు 190 మి.లీ. నీళ్ళు. నీళ్ళు తెర్లాడేటప్పుడే వేయాలి, రెండు నిమిషాలు కలిపి పొయ్యి ఆపి మూతపెట్టి ఐదు నిమిషాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నప్పుడు వేస్తే పైపిండి కరిగి ముద్దవుతుంది.

మ్యాగీ భారతదేశానికి వచ్చింది 1983లో. అప్పటి నుంచీ నూడుల్స్ అంటే గిన్నెలో ఉడికించడమే. కెటిలులో ఉడికించడం మాత్రం గదుల్లో పెరిగిన అలవాటు, మంచిది కాదు. పిండి నురుగు ఆవిరిదారిలోకి పొంగి, నీళ్ళు మరిగాక కరెంటు ఆపే స్విచ్చును పాడుచేస్తుంది. అడుగున మసాలా అంటి మాడుతుంది. కెటిలులో నీళ్ళు మాత్రం కాచి, ముందే వేడినీళ్ళతో తొలిపిన మూత డబ్బాలో నూడుల్స్ మీద పోసి ఆరు నిమిషాలు మూసిపెట్టాలి. డబ్బా చల్లగా ఉంటే నీళ్ళ వేడి పోసిన క్షణంలోనే పడిపోయి నడుమ గట్టిగా ఉంటుంది. సోడియం ఎక్కువ భాగం మసాలా పొట్లంలోనిదే కాబట్టి మూడింట రెండు వంతులు వేసి రుచి చూస్తే చాలు.

ఏప్రిల్: పులిహోర పేస్టు

తిరుపతిలో పులిహోర విషయంలో ఎవరూ రాజీపడరు, కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇచ్చాం. పేస్టు సాధారణంగా బాగానే ఉంటుంది, చెడేది అన్నం దగ్గర. చింతపండు, బెల్లం, నూనె, ఉప్పు అంత చిక్కగా ఉన్నచోట సూక్ష్మజీవులు పెరగలేవు. బెంజోయేట్ కూడా పుల్లటి పదార్థంలోనే బాగా పనిచేస్తుంది. అందుకే సీసా నెలల తరబడి నిలుస్తుంది. తడిచెంచా పెడితే ఆ లెక్క తప్పుతుంది, పైన నూనె లేని చోట బూజు వస్తుంది.

తూకం: బియ్యం 200 గ్రా. పాత బియ్యమైతే నీళ్ళు 400 మి.లీ., కొత్తవైతే 360. వండిన అన్నం 550 నుంచి 600 గ్రా. దాకా వస్తుంది. దాన్ని వెడల్పు పళ్ళెంలో పరిచి, రెండు చెంచాల నువ్వులనూనె, పావు చెంచా పసుపు చల్లి, 40 డిగ్రీల దగ్గరికి చల్లారనివ్వాలి. పేస్టు 75 గ్రా. తో మొదలుపెట్టి కలపాలి. అన్నంలో ఉప్పు వేయకూడదు, పేస్టులో సరిపడా ఉంది. కలిపాక కనీసం అరగంట మూతపెట్టాలి, పులుపు మెతుకులోకి దిగడానికి ఆ సమయం పడుతుంది. కలిపిన వెంటనే రుచి చూసి పులుపు చాలలేదని ఇంకో 30 గ్రాములు వేస్తే అరగంట తర్వాత నోట పెట్టలేరు.

వేడి అన్నంలో కలిపితే మెతుకులు విరిగి ముద్దవుతుంది. తడి అన్నమైతే పేస్టు ఒకచోట గడ్డకట్టి, ఒక ముద్ద పుల్లగా, ఒక ముద్ద చప్పగా వస్తుంది. పేస్టులోని శెనక్కాయలు నూనెలో నాని మెత్తబడి ఉంటాయి. 25 గ్రా. శెనక్కాయలు, ఒక చెంచా శెనగపప్పు, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు విడిగా తిరగవాత పెట్టి చివర్లో కలిపితే పులిహోర కరకరలాడుతుంది. ఈ ఒక్క పనితో సీసా పులిహోర ఇంటి పులిహోరకు చాలా దగ్గరపడింది.

ఏప్రిల్: పొంగలి మిక్సు, బోరునీళ్ళు

ఒకే మిక్సు, ఒకే కుక్కరు. క్యాన్ నీళ్ళతో పప్పు మెత్తగా ఉడికింది, బోరునీళ్ళతో పలుకు మిగిలింది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. సోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది కానీ బి1 విటమిను పోతుంది, రుచీ మారుతుంది. తాగేనీళ్ళతోనే వండండి: మిక్సు 100 గ్రా., నీళ్ళు 450 మి.లీ., పది నిమిషాలు నానబెట్టి నాలుగు కూతలు. బోరునీళ్ళు తప్పనిసరైతే నానబెట్టేది అరగంట, కూతలు ఆరు.

మే: వేడిచేసుకుని తినే పొట్లాలు

ఈ పొట్లాల్లో కూరను సీలు చేశాకే, ఒత్తిడిలో 121 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. బొటులిజం అనే ప్రాణాంతక ఆహారవిషానికి కారణమయ్యే బ్యాక్టీరియా బీజాణువులు చచ్చే వేడి అది. ప్రిజర్వేటివ్ లేకుండా, ఫ్రిజ్ లేకుండా నిలిచేది అందుకే. మన దేశంలో సైన్యం కోసం ఈ తరహా ఆహారం మీద పనిచేసింది మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల, 1961లో ఏర్పడింది. పొట్లం గోడలో ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు ఉంటుంది, కాబట్టి పొట్లంతో సహా మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు, లేదా గిన్నెలో పోసి పొగలు వచ్చేదాకా.

ఏది కొనాలి? రాజ్మా, శెనగలు, పప్పుమఖనీ లాంటి గింజల కూరలు ఆ వేడిని తట్టుకుంటాయి, ఇంకా బాగుపడతాయి కూడా. గంటల నానబెట్టడం, ఉడకబెట్టడం తప్పుతుంది కాబట్టి వీటికి పెట్టే ధర న్యాయమే. ఆకుకూరలు ఆ వేడికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి, పాలకూర పొట్లం తెరవగానే అది పాతబడిందని అనుకోవద్దు. అన్నం పొట్లాల్లో మెతుకు గట్టిపడి ఉంటుంది. రెండు చెంచాల నీళ్ళు చల్లి మూతపెట్టి బాగా వేడిచేస్తే మళ్ళీ మెత్తబడుతుంది, గోరువెచ్చగా తింటే పలుకే.

ఉబ్బిన పొట్లాన్ని రుచి కూడా చూడకుండా పారేయాలి. తడిపిండి ఉబ్బితే పులిసిందని అర్థం, ఇది ఉబ్బితే ప్రమాదమని అర్థం. మడతపడిన మూలలో సూదిమొనంత రంధ్రం ఉన్నా చాలు, అందుకే కొనేటప్పుడు నలిగిన మూలలు వేలితో తడిమి చూడండి. తెరిచాక మిగిలింది స్టీలు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ముగించాలి.

మే: ఫ్రోజెన్ పరోటా

చలిపెట్టె మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైనున్న ఐసు అర చాలాసార్లు అంత చల్లగా ఉండదు, కాబట్టి పొట్లం మీది నెలల గడువు అక్కడ వర్తించదు. వారంలో తినేయండి. చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి ఉంచండి. ఊరెళ్ళి వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే, మధ్యలో కరెంటు చాలాసేపు పోయి అన్నీ కరిగి మళ్ళీ గడ్డకట్టాయని తెలుస్తుంది.

కరిగించకుండా నేరుగా పెనం మీద వేయాలి. కరిగితే పొరల మధ్య కొవ్వు పిండిలో కలిసిపోయి రొట్టెలా వస్తుంది. 800 వాట్లు, ఒక్కోవైపు రెండున్నర నిమిషాలు, చివర్లో అర చెంచా నూనె. దించాక రెండు చేతులతో పక్కల నుంచి నొక్కితే పొరలు విడతాయి.

జూన్: గులాబ్‌జామ్ మిక్సు, నిల్వ

200 గ్రా. మిక్సుకు 70 మి.లీ. పాలు కొంచెం కొంచెంగా. పిసకకుండా దగ్గరికి తెచ్చి ఐదు నిమిషాలు వదలాలి. తొమ్మిది గ్రాముల ఉండలు, నూనె 135 డిగ్రీలు. 160 దాటితే పైన నల్లగా, లోపల పచ్చిగా వస్తుంది. పగుళ్ళొస్తే పిండి పొడిబారింది, తడిచేత్తో మళ్ళీ చుట్టాలి. చక్కెర, నీళ్ళు సమాన బరువులో కాచిన పాకం వెచ్చగా ఉన్నప్పుడే వేయాలి. మరిగే పాకంలో వేస్తే ముడుచుకుపోతాయి.

తెరిచిన మిక్సులన్నీ గాలి చొరని డబ్బాల్లోకి మార్చాం. తిరుపతికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమకు సోడా, నిమ్మ ఉప్పు రెండూ ఉన్న మిక్సులో గ్యాసు డబ్బాలోనే వెళ్ళిపోతుంది. పరీక్ష సులువు: ఒక చెంచా మిక్సు మీద రెండు చెంచాల వేడినీళ్ళు, నాలుగు చుక్కల నిమ్మరసం వేయాలి. బుడగలు రాకపోతే ఆ మిక్సును ఉప్మాకు వాడుకోండి.

తర్వాతి పని మామిడి గుజ్జు డబ్బాలు. చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తోతాపురి గుజ్జు ఆడించే కాలం ఇదే. తోతాపురిలో పులుపు ఎక్కువ, పీచు తక్కువ, కాబట్టి లస్సీకి 150 గ్రా. పెరుగుకు 100 గ్రా. గుజ్జుతో మొదలుపెడుతున్నాం. చక్కెర కలిపిన గుజ్జో కాదో డబ్బా వెనక ముందు చూసుకోవాలి. తెరిచాక రేకుడబ్బాలో ఉంచకుండా ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించాలి. ఒక్కో గడి 20 గ్రాముల చుట్టుపక్కల పడుతుంది, ఒక గ్లాసుకు ఐదు.